గళ్ళ చొక్కా కింద

మా ఆయన నడుముకి తుపాకీ పెట్టించింది నేనే. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ ఏటి పీచ్ పళ్ళ కాలంలో నాకు తెలిసొచ్చింది.

తొలి కోత మొదలైన కొత్తలోనే, మాకు అవతలి మలుపులో పళ్ళ బడ్డీ పెట్టుకునే ముసలి ఓటిస్‌ని ఎవడో కారు చక్రాలు విప్పే ఇనప కడ్డీతో తల మీద కొట్టి గల్లాపెట్టె ఎత్తుకుపోయాడు. పట్టపగలు. శాన్ ఆంటోనియో వెళ్ళే కార్లు ఝుమ్మని పోతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. ఓటిస్ బతికాడు గానీ సొంత కుక్క పేరు అతనికి గుర్తుకు రాలేదు. ఆసుపత్రిలో అతన్ని చూసి వచ్చిన రోజే నేను నిర్ణయం తీసేసుకున్నాను.

మా తోటలో పని పంపకం పెళ్ళైనప్పటినుంచీ ఒకటే. నేను షెడ్డులో కూర్చుని పళ్ళు ఏరి బుట్టల్లో సర్దుతాను, డెల్విన్ రోడ్డు పక్క బడ్డీలో కూర్చుని అమ్ముతాడు. మధ్యలో తోటంతా అడ్డం. అక్కడ అతను అరిచినా ఇక్కడ నాకు వినబడదు.

నా సంగతంటారా, మా నాన్న గొర్రెలు కాసినవాడు. నాకు పెళ్ళి గౌను కంటే ముందు రివాల్వరు కొనిపెట్టాడు. పొద్దున్నే జుట్టు ముడి వేసుకున్నట్టే నడుముకి తోలు ఒర బిగించుకోవడం నాకు అలవాటు. ఇన్నేళ్ళలో దానితో కాల్చింది తోక గలగలలాడించే పాముల్నే అనుకోండి, అయినా అది లేకుండా గడప దాటితే ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. డెల్విన్ మాత్రం తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు. మా ప్రాంతంలో అలాంటి మగాణ్ణి వెతికి పట్టుకుని పెళ్ళి చేసుకున్నావే అని మా అక్క లోరీన్ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

ఆ రోజు భోజనాల దగ్గర మా నాన్న సొంత రివాల్వరు, అయిదు గుళ్ళ పొట్టిది, తెచ్చి అతని పళ్ళెం పక్కన పెట్టాను.

"రేపట్నుంచి ఇది పెట్టుకుని బడ్డీలో కూచో."

డెల్విన్ దాన్ని చూశాడు, ఉడికించిన బంగాళాదుంపల్ని చూశాడు. "నేనడిగింది ఉప్పు" అన్నాడు.

"హాస్యాలొద్దు. ఓటిస్‌ని చూశావుగా."

"చూశాను. ఓటిస్‌కీ తుపాకీ ఉంది ట్రూడ్. బండిలో."

"బండిలో ఉండి ఏం లాభం? ఒంటి మీద ఉండాలనే కదా నా ఏడుపు."

"పళ్ళు అమ్ముకునేవాడికి ఒంటి మీద తుపాకీ ఏంటే?"

"పళ్ళు అమ్ముకునేవాడికే తల పగిలింది."

అతను వాదించే రకం కాదు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడే మనిషిలా నా మాటలు అయిపోయేదాకా ఆగి, తన పని తాను చూసుకుంటాడు. ఈసారి నేను వెలవలేదు. కాఫీ దగ్గర ఒకసారి, పక్క మీద ఒకసారి, పళ్ళు ఎక్కిస్తూ ఒకసారి చెప్పిందే చెప్పాను. చివరికి ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు. నువ్వు పోతే ఈ చెట్లతో నేనేం మాట్లాడుకోను అన్నాను. దానికి కరిగాడు.

నేర్పడం నేనే మొదలుపెట్టాను, షెడ్డు వెనక. "మోచెయ్యి దించు. అంత గట్టిగా పట్టుకోకు, అది పాలు పితికేది కాదు. కళ్ళు మూస్తున్నావేంటి? డెల్విన్, కళ్ళు మూసుకుని ఎవర్ని కాలుస్తావు, నన్నా?"

అతను గుళ్ళు తీసేసి, రివాల్వరు బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకున్నాడు. "ట్రూడ్, నాకు దీన్ని చూస్తే భయం లేదు. నిన్ను చూస్తేనే చేతులు వణుకుతున్నాయి" అన్నాడు.

నేను నవ్వేశాను. ఆ మాట అక్కడే పట్టుకుని ఉంటే ఈ కథ లేదు.

దాణా కొట్లో పనిచేసే మా లోరీన్‌కి చెబితే తల కొట్టుకుంది. "కారు, డాన్సు, తుపాకీ. ఈ మూడూ మొగుడికి పెళ్ళాం నేర్పకూడదే పిచ్చిదానా. డార్లా దగ్గరికి పంపు. ఆవిడ దగ్గర రాళ్ళు కూడా గురి నేర్చుకుంటాయి."

డార్లా అంటే జిల్లా జైల్లో కాపలా ఉద్యోగం చేసి మానేసిన మనిషి. ఊరవతల పాత రాతి గనిలో గురువారం గురువారం తుపాకీ క్లాసులు చెబుతుంది. మొగుడు పోయాడు. నాకంటే వయసులో చిన్న, నడుం ఇంకా నడుంలానే ఉంది. జడ వెండిలా మెరుస్తుంది, రంగు వెయ్యదు, వెయ్యాల్సిన అవసరం కూడా లేదు. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసే పంపాను, బండిలో పెట్రోలు కూడా నేనే పోయించాను.

మొదటి గురువారం ఇంటికొచ్చి, "మిస్ డార్లా మోచెయ్యి కొంచెం దించమన్నారు" అన్నాడు.

"నేనూ అదే అన్నాగా."

"ఆవిడ చెబితే అర్థమైంది."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నేను అరిచి చెప్పిన మోచెయ్యి ఆవిడ నోట్లోంచి వచ్చేసరికి విద్య అయిపోయింది. ఫోను వస్తే లేచి నిలబడి, "అలాగే మేడమ్, తప్పకుండా మేడమ్" అనేవాడు. పెళ్ళైనప్పటినుంచీ నన్ను ఒక్కసారి మేడమ్ అన్న పాపాన పోలేదు.

ఇంటి దగ్గర అభ్యాసానికని ఆవిడ ఒక బొమ్మ రివాల్వరు ఇచ్చింది. అచ్చం మా నాన్నదాని పోలికే, కాకపోతే నీలం రంగు, గట్టి ప్లాస్టిక్కుతో పోసిన ముద్ద. గుళ్ళు పట్టవు, మీట కదలదు. ఒర అలవాటయ్యేదాకా దాన్ని పెట్టుకుని తిరగాలట. వంటింటి బల్ల మీద దాన్ని చూసి నేను పడి పడి నవ్వాను. "పుట్టినరోజు కేకు మీద పెట్టుకుంటావా?" అన్నాను. డెల్విన్ నవ్వలేదు, దాన్ని తీసి జాగ్రత్తగా సొరుగులో పెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి అసలుది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆయన మాటిమాటికీ నడుం తడుముకునేవాడు. బరువుకి ప్యాంటు జారేది, ఎగేసుకునేవాడు. కోతకాలం ముమ్మరం కాకముందు ఒక ఆదివారం చర్చికి వెళ్ళాం. మా చర్చిలో బల్లలు గట్టి చెక్కవి. పాట అయ్యి అందరూ ఒక్కసారి కూర్చుంటే, చొక్కాల కింద ఉన్నవి బల్లలకి తగిలి టక్కుటక్కుమంటాయి. ఎవరి దగ్గర ఉందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పాస్టరుగారి భార్యది అందరికన్నా పెద్ద చప్పుడు. ఆ రోజు నా పక్కన మా ఆయన కూర్చుంటే మొదటిసారి టక్‌మంది. పెళ్ళినాటి ఉంగరం చూసుకున్నంత సంతోషం వేసింది నాకు.

ఆ సంతోషం ఆ ఆదివారంతో సరి. ఆ తరవాత గళ్ళ చొక్కాలు వచ్చాయి.

తుపాకీ ఆకారం బట్ట మీద పొడుచుకొచ్చి కనబడితే మావాళ్ళు అచ్చు పడింది అంటారు. దాచి పెట్టుకునేవాడికి అంతకంటే నామోషీ లేదు. డెల్విన్‌కి నేను ఎప్పుడూ ఇసుక రంగు చొక్కాలే కొంటాను, అతని మొహానికి అవే నప్పుతాయి. ఒక గురువారం వెళ్ళినవాడు ఎర్ర గళ్ళ చొక్కాలో తిరిగొచ్చాడు.

"ఏంటిది?"

"సాదా బట్ట మీద అచ్చు పడుతుందట. గళ్ళయితే కన్ను చెదిరిపోయి కనబడదట. డార్లా చెప్పింది."

నేను విన్నది చొక్కా సంగతి కాదు. జూన్‌లో 'మిస్ డార్లా చెప్పారు'. ఇప్పుడు 'డార్లా చెప్పింది'. మిస్ ఎక్కడ రాలిపోయిందో, 'చెప్పారు'లో గౌరవం ఎక్కడ జారిపోయిందో, ఆ గనిలో రాళ్ళనే అడగాలి.

"చొక్కా ఎవరు కొన్నారు?"

"నేనే."

"ఎవరు ఏరారు?"

అతను టోపీ తీసి మేకుకి తగిలించాడు. వాన వెలిసేదాకా ఆగే మొహం పెట్టాడు.

నాకు కుళ్ళు పుట్టింది. ఇందులో దాపరికం ఏముంది, మా ఇంట్లో దాపరికమంతా మా ఆయన చొక్కా కిందే ఉంది. రాత్రిళ్ళు ఒరతో సహా తన సొరుగులో పెట్టి తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. తాళం వెయ్యాలని కూడా డార్లాయే చెప్పిందట. నేను నాది తలగడ పక్కనే పెట్టుకుంటాను, నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

పళ్ళ బుట్ట సంగతి చూశాక కుళ్ళు కాస్తా మంట అయింది. తోట ఉన్నవాళ్ళింట్లో మంచి పండు తినరు. చెట్టు కింద రాలినవి, పిట్ట పొడిచినవి, దెబ్బ తగిలి మెత్తబడ్డవి, అవీ ఇంటికి. నున్నగా ఉన్నవి బడ్డీకి. మా అత్తగారు అలాగే బతికింది, నేనూ అలాగే బతికాను. గింజ సులువుగా ఊడొచ్చే మేలు రకం దిగిన వారం, డెల్విన్ షెడ్డులోకి వచ్చి నేను సర్దిన వాటిలోంచి ఒక్కొక్కటే తిప్పి చూసి, మచ్చలేని పళ్ళు ఒక బుట్టెడు ఏరుకున్నాడు. పైన ఆకు కూడా కప్పాడు.

"ఎవరికి?"

"డార్లాకి. ఇవాళ గురువారం కదా."

"నాకెప్పుడైనా ఒక్క మంచి పండు ఏరి పెట్టావా నువ్వు?"

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "మన పళ్ళే కదే అన్నీ" అన్నాడు.

లోరీన్‌కి ఫోను చేశాను. "లైసెన్సు చేతికొచ్చింది, గురి కుదిరింది. ఇంకా గురువారాలు ఎందుకే అక్కా?"

"నిప్పు లేనిదే పొగ రాదు."

"నువ్వు నన్ను ఓదార్చాలి."

"ఓదార్పు కావాలంటే చర్చికి పో. నా దగ్గర దాణా దొరుకుద్ది."

జూలైలో ఒక సాయంత్రం నేను బుట్టలు వేసుకుని బడ్డీ దగ్గరికి పోతున్నాను. చెట్ల మధ్య నుంచి చూస్తే నంబరు పలక లేని పాత ట్రక్కు ఒకటి బడ్డీకి అడ్డంగా ఆగి ఉంది. అందులోంచి దిగినవాడు సన్నగా, చిరాగ్గా ఉన్నాడు. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు, కళ్ళు గల్లాపెట్టె మీదే ఉన్నాయి. నా చెయ్యి నా ఒర మీదికి పోయింది. డెల్విన్ చెయ్యి మాత్రం పోలేదు. లేచి నిలబడి, నీళ్ళ సీసా వాడి చేతిలో పెట్టి, "ఎండలో తిరుగుతున్నట్టున్నావు, కూచో" అన్నాడు. మెత్తబడ్డ పళ్ళు ఒక సంచీలో పోసి ఇచ్చాడు. వాడు అక్కడే నిలబడి రసం గడ్డం మీద కారుతుండగా రెండు తిన్నాడు, ఏదో గొణిగాడు, ట్రక్కు ఎక్కి పోయాడు.

నేను వెళ్ళేసరికి డెల్విన్ బల్ల తుడుస్తున్నాడు.

"చూశావా, నడుముకి ఉంటే మనిషికి ఎంత నిబ్బరమో" అన్నాను.

"ఊఁ" అన్నాడు. బల్ల తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

నాకు గర్వం వేసింది. ఆ వెంటనే, ఆ నిబ్బరం నేర్పింది నేను కాదు కదా అని గుర్తొచ్చింది. గర్వపడదామన్నా ఆవిడే అడ్డం.

కోతకాలంలో మేం చర్చికి పోము. ఆదివారమే బేరాలు, ఆ సంగతి దేవుడికీ తెలుసు, పాస్టరుగారికీ తెలుసు. ఆగస్టులో పళ్ళు పల్చబడ్డాక మళ్ళీ వెళ్ళాం. పాట అయింది, అందరూ కూర్చున్నారు. టక్కు, టక్కు, టక్కు. పాస్టరుగారి భార్యది ఠంగుమంది. నాది టక్‌మంది. నా పక్కన మా ఆయన కూర్చున్నాడు. దబ్‌మని మెత్తటి చప్పుడు, ఇనుము తగిలినట్టు కాదు, చెక్క మీద చెక్క ఆనినట్టు.

ప్రసంగం ఏమిటో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నడుం తడుముకోవడం ఎప్పుడు మానేశాడు? ప్యాంటు ఎగేసుకోవడం ఎప్పుడు మానేశాడు? అలవాటైపోయింది కాబోలు అనుకుని ఊరుకున్నాను. గళ్ళ కింద అచ్చు కోసమే చూశాను గానీ బరువు సంగతి చూడలేదు.

ఇంటికొచ్చి వేయించిన కోడి తిన్నాక డెల్విన్ వరండాలో వాలుకుర్చీలో నిద్రపోయాడు. చొక్కా అంచు పైకి జరిగింది. ఒంగి చూశాను. తోలు ఒరలోంచి నీలం రంగు పిడి కనబడుతోంది.

మా నాన్న రివాల్వరు పెట్టుకోవలసిన చోట, నేను నవ్విన ఆ ప్లాస్టిక్కు ముద్ద. దానితోనేనా ఆ ట్రక్కువాడి ముందు నిలబడ్డాడు? ఆ సాయంత్రం తలుచుకుంటే నాకు ఇప్పుడు భయం వేసింది. ఆ భయం వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది. బొమ్మ ఇచ్చింది డార్లా. అంటే డార్లాకి తెలుసు, అసలుది దాచిందీ ఆవిడే అయ్యుండాలి. నేను వేసవంతా పక్కన పడుకున్న మనిషి నడుముకి ఏముందో నాకు తెలీదు, ఆవిడకి తెలుసు. వేరే ఇంకేదైనా అయితే ఇంత మండేది కాదేమో.

అతన్ని లేపలేదు. బండి తాళాలు తీసుకున్నాను.

డార్లా ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని పీచ్ పళ్ళ తొక్క తీస్తోంది. మా పళ్ళే. ఒళ్ళో గిన్నె, పక్కన నేను సర్దిన బుట్ట.

"రండి ట్రూడీ. ఇంకా ముందే వస్తారనుకున్నాను" అంది.

"మా నాన్న రివాల్వరు ఇవ్వండి."

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, ఇనప పెట్టె తెరిచి తెచ్చింది. గుళ్ళ చక్రం పక్కకి తీసి, ఖాళీ అని చూపించి, పిడి నా వైపు తిప్పి ఇచ్చింది. శుభ్రంగా తుడిచి నూనె పట్టించి ఉంది. అది కూడా నాకు నచ్చలేదు.

"ఇది మీ ఇంట్లో ఎందుకుంది?"

"క్లాసులో అందర్నీ ఒకటి అడుగుతాను" అంది ఆవిడ, మళ్ళీ మెట్టు మీద కూర్చుంటూ. "ఎదుట నిలబడ్డది కాగితం బొమ్మ కాదు, మనిషి. వాడికీ ఓ తల్లి ఉంటుంది. కాల్చగలరా? ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకు రండి అంటాను. చాలామంది తిరిగొచ్చి ఓ అని తల ఊపేస్తారు. మీ ఆయన నిజంగా ఆలోచించుకు వచ్చాడు. నా వల్ల కాదండీ అన్నాడు."

"మీరేమన్నారు?"

"కాల్చలేనివాడి నడుముకి తుపాకీ ఉంటే, అది అవతలివాడి కోసం మోస్తున్నట్టేనన్నాను. ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పండి అన్నాను."

"చెప్పలేదు."

"చెప్పలేదు" అని డార్లా పండు తొక్క ఒకటి పొడుగ్గా తీసింది. "మా ట్రూడీ నిద్రపోదండీ, ఏడుస్తుందండీ, ఏదో ఒకటి నడుముకి కనబడాలండీ అన్నాడు. బొమ్మ నేను ఇచ్చిందే, అది నా తప్పే. నాలుగు రోజులకనుకున్నాను."

"మరి ఈ గురువారాలు?"

ఆవిడ మొహం మొదటిసారి ఎర్రబడింది.  ఇప్పుడు వింటాను, ఇంతకాలం వినకూడదనుకున్నది ఇప్పుడే వింటాను అనుకున్నాను.

"ఇది ఆయన చెప్పాలి, నేను కాదు. కానీ మీ మొహం చూస్తే చెప్పకపోతే ఇంకా పాపం" అంది. "గుళ్ళు లేకుండా ఉత్త తుపాకీతో సాధన చేయిస్తాం చూడండి, అలా సాధన చేస్తున్నాడు. మీకు చెప్పడం. నేను మీ వేషం వేస్తాను."

"నా వేషమా?"

డార్లా లేచి, కత్తి గిన్నెలో పెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. గడ్డం పైకెత్తింది. "ఏంటి డెల్విన్, నీ వల్ల కాదా? ఓటిస్‌ని చూశావుగా. పళ్ళు అమ్ముకునేవాడికే తల పగిలింది."

నాలాగే ఉంది. గొంతు కూడా. ఆ చివర్లో కాలు నేలకేసి కొట్టడం కూడా.

"ఇక్కడికి రాగానే ఆయన ఆగిపోతాడు" అంది చేతులు దించేస్తూ. "టోపీ చూసుకుంటాడు. ఫీజు వద్దన్నానని పళ్ళు తెస్తాడు."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఏ వేషం వేసినా ఓర్చుకుందును. మా ఆయనకి పెళ్ళాంగా నిలబడే వేషం కూడా ఆవిడే వేసింది, అదీ మా ఆయన కోరితే. పైగా బాగా వేసింది.

"నేనంత గట్టిగా అరవను" అన్నాను.

"అందుకే కొంచెం తగ్గించే చేశాను" అంది డార్లా.

డార్లా మళ్ళీ కూర్చుని కత్తి అందుకుంది. తరవాత ఆవిడ అడిగింది. "మీరు ఆలోచించుకున్నారా ట్రూడీ? ఆ ప్రశ్న?"

"నన్నెవరూ అడగలేదు. మా నాన్న చేతిలో పెట్టాడు, పెట్టుకున్నాను" అన్నాను. "కాల్చగలను." ఆ మాట అంటున్నప్పుడు నా ఎదుట ఉన్నది డార్లాయే గనక ఆ జవాబుని మీరు ఎక్కువ లెక్కలోకి తీసుకోవద్దు.

నేను వచ్చిన సంగతి డెల్విన్‌కి చెప్పనని ఆవిడ మాటిచ్చింది. అడిగింది నేనే.

రివాల్వరు తెచ్చి నా బట్టల అడుగున పెట్టాను. డెల్విన్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. చొక్కా అంచు కిందికి లాగాను. ఆ పూట, మర్నాడు, ఆ తరవాత కూడా నోటి దాకా వచ్చిన మాటని మింగుతూనే ఉన్నాను. నాకు అలవాటు లేని పని, కడుపు ఉబ్బరంగా ఉండేది.

గురువారం మధ్యాహ్నం అతను గళ్ళ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"డార్లా దగ్గరికా?"

"ఊఁ."

"ఇవాళ పోకు. బడ్డీలో నాతో కూచో."

"షెడ్డులో పని?"

"ఏముంది షెడ్డులో, చివరి చెట్టు పళ్ళే కదా. అక్కడే ఏరుకుంటాను."

ఇద్దరం బడ్డీలో కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఆ బల్ల వెనక ఎప్పుడూ కూర్చోలేదు నేను. రోడ్డు ఎంత దగ్గరో, కార్లు పోతుంటే గాలి మొహానికి ఎలా కొడుతుందో, ఒక్కడూ కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తుపాకీ నా నడుముకి ఉంది. దాన్ని ఇక్కడికి తీసుకురావాలంటే నేను ఇక్కడికి వస్తే సరిపోయేదని తట్టనే లేదు.

చాలాసేపు అతను రోడ్డు చూశాడు. తరవాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ట్రూడ్, నీకొకటి చెప్పాలి."

నా చేతులు వాటంతట అవే లేచి నడుం మీదికి పోతున్నాయి. చూసుకున్నాను. దించి, బుట్టలోంచి ఒక పండు తీసి రెండు చేతులతో పట్టుకున్నాను. "చెప్పు" అన్నాను.

చెప్పాడు. బాగా చెప్పాడు. మాటలు వరసగా వచ్చాయి, వాటిని ఎక్కడ నూరిందీ నాకు తెలుసు, ప్రతి మాటకీ లోపల చురుక్కుమంటూనే ఉంది. ఒర విప్పి నీలం బొమ్మ తీసి బల్ల మీద పళ్ళ పక్కన పెట్టాడు. "మీ నాన్నది డార్లా దగ్గర భద్రంగా ఉంది" అన్నాడు. నేను ఉలిక్కిపడాలి కాబట్టి కొంచెం ఉలిక్కిపడ్డాను. "నువ్వు దాన్ని నా చేతిలో పెట్టావు ట్రూడ్. కాల్చగలనా అని ఆవిడ అడిగింది. నువ్వు అడగలేదు. నేను ఒక మనిషిని కాల్చలేను. ఓటిస్‌ని కొట్టినవాడినైనా కాల్చలేను."

అక్కడ ఆగాడు. టోపీ చూసుకున్నాడు. నేను అరవాల్సిన చోటు అదే.

అరవలేదు.

ఒక ట్రక్కు వెళ్ళిపోయింది. దాని గాలికి బడ్డీ గుడ్డ ఎగిరి పడింది. డెల్విన్ తల ఎత్తి నా వైపు చూశాడు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినవాడిలా.

"ఇప్పుడు నువ్వు ఏదో ఒకటి అంటావనుకున్నాను" అన్నాడు.

"అనను. నువ్వే చెప్పు."

"తరవాత ఏం చెప్పాలో... అనుకోలేదు."

"అనుకోకుండా చెప్పు."

అతను టోపీ బల్ల మీద పెట్టేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు. తడబడ్డాడు, మధ్యలో రెండు మాటలు మింగాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఆ గనిలో ఏ గురువారమూ నూరని మాటలవి.

ఏమన్నాడో లోరీన్ అడిగింది, చెప్పలేదు. డార్లా కూడా అడిగింది, రివాల్వరు ఎలా ఉందని ఫోను చేసి, మాటల్లో మాటగా. ఆవిడ మంచి మనిషే, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను. ఆవిడకి మాత్రం అసలు చెప్పను.